అమ్మిన సరుకు వాపసు తీసుకోరట!

మీ ఇంట్లో బిల్లులు దాచే డబ్బా ఒకటి ఉండే ఉంటుంది. పాత బిస్కెట్ల డబ్బానో, దేవుడి గది పక్క సొరుగో, బీరువాలో చీరల కింద పెట్టిన ప్లాస్టిక్ కవరో. ఒకసారి అందులోంచి ఓ నాలుగు బిల్లులు తీసి అడుగున ఏం అచ్చు వేశారో చదవండి. పత్తర్‌గట్టిలో కొన్న కర్టెన్ గుడ్డ, మదీనా దగ్గర తీసుకున్న చీరలు, మూసీ దాటి బేగంబజార్‌కి వెళ్లి తెచ్చుకున్న స్టీలు గిన్నెలు. దుకాణాలు వేరు, సరుకు వేరు. ఆ చివరి వాక్యం మాత్రం అన్నిటి మీదా ఒకటే. "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు." కొన్నిటి మీద అదే మాట ఇంగ్లీషులో ఉంటుంది. కొన్నిచోట్ల గల్లా పెట్టె వెనక గోడకి అట్టముక్క మీద రాసి వేలాడదీస్తారు. "బికా హువా మాల్ వాపస్ నహీ హోగా."

ఈ వాక్యం మీద నాకు పాత కక్ష ఉంది. ఇవాళ అది తీర్చుకుందామని కూర్చున్నాను.

మనం ఆ వాక్యాన్ని ఎలా చదువుతామంటే, అదేదో ప్రభుత్వం వేయించిన బోర్డులాగా చదువుతాం. "ఇక్కడ చెత్త వేయరాదు" అన్నట్టు. రాసి ఉంది కాబట్టి అది రూలు అనుకుంటాం. రూలు కాదండీ. దుకాణదారు తన ప్రింటింగ్ ప్రెస్సులో తన డబ్బులతో అచ్చు వేయించుకున్న తన కోరిక అది. మన దేశపు చట్టం దానికి సరిగ్గా ఎదురు చెబుతుంది. ఆ సంగతి మనకి ఎవరూ చెప్పరు. మనకి చెప్పేది ఇంకోటి: "చూసుకుని కొనుక్కోవాలమ్మా!"

ఈ రెండో మాట మీద నాకు ఇంకా ఎక్కువ కోపం. మొదటిది దుకాణంలో ఉంటుంది, రెండోది మన ఇంట్లోనే ఉంటుంది కాబట్టి.

ఆలోచించండి. ఇంట్లోకి వచ్చే సామానులో మూడొంతులు కొనేది మనమే. కుక్కరు, మిక్సీ, పిల్లల బూట్లు, దుప్పట్లు, పెళ్లిళ్లకి పెట్టుబడి చీరలు, పండక్కి గాజులు. వస్తువు బాగుంటే "ఆ కంపెనీ మంచిదే" అంటారు. పాడైతే "నువ్వు చూసుకోలేదా?" అంటారు. మెప్పు కంపెనీకి, తిట్లు మనకి. మూడు నెలలకే మిక్సీ జారు బీటలిస్తే దాన్ని తయారుచేసినవాణ్ణి, అమ్మినవాణ్ణి అడగరు. మామగారు, మరిది, ఆఖరికి పదేళ్ల పిల్లాడు కూడా మనవైపే చూస్తారు. "గట్టిగా తిప్పి ఉంటావు." "చల్లటి పప్పు వేసి ఉంటావు." "ఆ దుకాణంలో కొనొద్దని నేను ముందే చెప్పా." ఈ ఆఖరు మాట ముందు చెప్పినవాళ్లెవరూ ఉండరు, తర్వాతే చెబుతారు.

మా పక్కింటి ఆపా సంగతి చెబుతాను. శాలిబండలో మా గోడకీ వాళ్ల గోడకీ మధ్య జానెడే సందు. ఆవిడ ఇంట్లో బట్టలు కుట్టి ఇల్లు నడుపుతుంది. రంజాన్ ముందు నెలన్నర ఆవిడకి ఏడాది మొత్తంలో పెద్ద పంట. మొన్నామధ్య చిట్టీ ఎత్తుకుని 9,500 రూపాయలు పెట్టి మోటారుతో ఉన్న కుట్టు మిషన్ కొనుక్కుంది. కొత్త మిషన్, కొత్త మోటారు అని చెప్పి అమ్మారు. ఇరవై రోజులు తిరగకుండానే మోటారు వేడెక్కి ఆగిపోవడం మొదలుపెట్టింది. దుకాణానికి వెళ్తే ఏమన్నారో తెలుసా? "మీరే ఎక్కువసేపు నడిపి కాల్చేశారు. అమ్మేటప్పుడు నడిపించి చూపించాం కదా, మీరు చూసుకున్నారు కదా." బిల్లు అడుగున వాక్యం వేలుపెట్టి చూపించారు. వేరే మెకానిక్ విప్పి చూస్తే అది కొత్త మోటారు కాదు, పాతదానికి వైండింగ్ మళ్లీ చుట్టి, రంగేసి బిగించింది. ఈలోపు పద్దెనిమిది జతల ఆర్డరు చేయిజారింది. ఆ రాత్రి ఆపా మా గుమ్మంలో కూర్చుని అన్న మాట నాకు ఇంకా చెవిలో ఉంది. "క్యా కర్నా బోలో, సబ్ మేరీచ్ గల్తీ బోల్‌రై." అందరూ నా తప్పే అంటున్నారు, ఏం చెయ్యమంటావు అని.

ఆవిడ తప్పేమిటి? దుకాణంలో నిలబడి, కౌంటరు మీద మోటారు విప్పించి, రాగి తీగ పాతదో కొత్తదో చూసి ఉండాల్సిందా? ఏ ఆడమనిషి చేయగలదు? ఏ మగమనిషి చేశాడు? కంటికి కనబడని లోపానికి కన్ను ఎలా జవాబుదారీ అవుతుంది?

ఇప్పుడు చట్టం ఏమంటుందో చూద్దాం. విసుక్కోకండి, వంటలో కొలతలంత సులువుగానే చెబుతాను.

మన దేశంలో సరుకు అమ్మకాల చట్టం 1930 నాటిది. అప్పటికి మన షహర్ నిజాం ఏలుబడిలో ఉంది, ఆ చట్టం ఇక్కడికి తర్వాత వచ్చింది. అందులో 15, 16, 17 సెక్షన్లు మూడూ మన బజారు కోసమే రాసినట్టు ఉంటాయి. వస్తువు గురించి ఏం చెప్పి అమ్మారో వస్తువు అలాగే ఉండాలి, ఇది 15. లాడ్‌బజార్‌లో "అసలు లక్క" అని చెప్పి జత గాజులు ఇస్తే అవి లక్కవే కావాలి, రంగేసిన ప్లాస్టిక్కు కాకూడదు. అలాంటి వస్తువులు అమ్మే దుకాణంలో కొన్న సరుకు పనికొచ్చే నాణ్యతతో ఉండాలి, మనం ఫలానా పనికని చెప్పి వాళ్ల మాట మీద ఆధారపడి కొంటే ఆ పనికి సరిపోవాలి, ఇది 16. నమూనా చూపించి అమ్మితే మొత్తం సరుకు ఆ నమూనాలాగే ఉండాలి, ఇది 17. పత్తర్‌గట్టిలో చిన్న ముక్క చూపించి తాను నుంచి పదిహేను మీటర్లు కోసిస్తే, ఇంటికొచ్చాక ఆ పదిహేను మీటర్లూ ఆ ముక్కలాగే ఉండాలి.

అయితే ఇందులో ఒక మెలిక ఉంది, దాచకుండా చెబుతాను. కొనేవాళ్లు వస్తువును పరీక్షించి చూసుకుంటే, ఆ పరీక్షలో తెలిసిపోవాల్సిన లోపాలకి నాణ్యత హామీ వర్తించదు అంటుంది ఆ 16వ సెక్షనే. చిరుగు కనబడుతూనే ఉన్న చీర తెచ్చుకుని తర్వాత అడిగితే కుదరదు. న్యాయమే. కానీ దుకాణదారులు ఆ చిన్న కిటికీని పట్టుకుని ఇంటి గోడంతా కూల్చేశారు. "చూసుకున్నారు కదా" అన్న మాటతో మోటారు లోపలి తీగ దగ్గర్నుంచి కుక్కరు అడుగు మందం దాకా అన్నీ మన కళ్ల మీదకి నెట్టేశారు. చట్టం చెప్పింది చూస్తే తెలిసే లోపం గురించి. వీళ్లు చెప్పేది అన్ని లోపాల గురించీ.

ఆ తర్వాత వచ్చింది వినియోగదారుల రక్షణ చట్టం. మొదటిది 1986లో. ఇప్పుడున్నది 2019 నాటిది, 2020 జూలై 20 నుంచి అమల్లో ఉంది. అందులో అన్యాయమైన వ్యాపార పద్ధతులంటూ ఒక జాబితా ఉంది. లోపమున్న వస్తువును వాపసు తీసుకుని డబ్బు తిరిగివ్వడానికి నిరాకరించడం ఆ జాబితాలో ఉంది. బిల్లులో గడువు రాస్తే ఆ గడువులోపు, ఏ గడువూ రాయకపోతే 30 రోజుల్లోపు. బిల్లు ఇవ్వకపోవడం కూడా అదే జాబితాలో ఉంది. ఇంకేం కావాలి? మన డబ్బాలో ఉన్న ఆ చివరి వాక్యాన్ని అన్యాయమైన పద్ధతి అని తేల్చిన కమిషన్లు దేశంలో ఎన్నో ఉన్నాయి. అయినా అది బిల్లు మీద నుంచి చెరగలేదు. ఎందుకంటే అది న్యాయస్థానంలో గెలవడానికి రాసింది కాదు. మనల్ని గుమ్మంలోంచే వెనక్కి పంపడానికి రాసింది. ఆ పని చక్కగా చేస్తోంది.

ఒక తేడా మాత్రం మనమూ మరిచిపోకూడదు. మనసు మారడం వేరు, సరుకు మారడం వేరు. ఇంటికొచ్చాక ఆకుపచ్చ కంటే వంగపండు రంగు బాగుండేదనిపిస్తే మార్చి ఇవ్వాల్సిన బాధ్యత దుకాణదారుకి లేదు. ఇస్తే మర్యాద, ఇవ్వకపోతే తగాదా లేదు. ఆకుపచ్చ రంగు మొదటి ఉతుకులోనే తెల్ల లంగాకి అంటుకుంటే మాత్రం అది మర్యాదకి సంబంధించినది కాదు, మన హక్కు. ఆన్‌లైన్ కంపెనీలు రిటర్న్ పాలసీ అని గొప్పగా చెప్పుకుంటాయి కదా, అది వాళ్లు పెట్టిన పాలసీ. లోపమున్న సరుకు విషయంలో వాళ్ల దయతో మనకి పనిలేదు.

ఇప్పుడు కాస్త దూరం తీసుకెళ్తాను. యూరప్ దేశాల్లో ఇదే గొడవ వచ్చినప్పుడు వాళ్లేం చేశారో తెలిస్తే మనకి ఏం తక్కువైందో అర్థమవుతుంది.

యూరోపియన్ యూనియన్ 1999లో ఒక ఆదేశం చేసింది, 2019లో దాన్ని ఇంకా గట్టిగా తిరగరాసింది. కొత్తది 2022 జనవరి 1 నుంచి వర్తిస్తోంది. దాని సారం ఒక్కటే: అమ్మిన సరుకు ఒప్పందానికి తగ్గట్టు ఉండాలి. తగ్గట్టు ఉందో లేదో చూడటానికి రెండు కొలతలు. ఒకటి, అమ్మినవాళ్లు ఏం చెప్పారు. రెండు, వాళ్లు ఏమీ చెప్పకపోయినా అలాంటి వస్తువు నుంచి మామూలు మనిషి ఏం ఆశిస్తారు, అది ఎన్నాళ్లు మన్నాలి, అట్టపెట్టె మీదా ప్రకటనల్లోనూ ఏం చెప్పారు. ఈ రెండిట్లో దేనికి తగ్గినా బాధ్యత అమ్మినవాడిది. వస్తువు చేతికొచ్చినప్పటినుంచి రెండేళ్ల దాకా. ముందు ఉచితంగా బాగుచేయాలి లేదా మార్చి ఇవ్వాలి. అది కుదరకపోతే ధర తగ్గించాలి, లేదా డబ్బు వెనక్కివ్వాలి. ఏదైనా లోపం ఉందని తెలిసే అమ్ముతుంటే ఆ లోపం విడిగా చెప్పి, కొనేవాళ్ల దగ్గర విడిగా ఒప్పుకోలు తీసుకోవాలి. బిల్లు అడుగున చీమతలకాయంత అక్షరాల్లో రాసిన వాక్యం అక్కడ చెల్లదు.

అన్నిటికంటే నాకు నచ్చినది ఇది. మొదటి ఏడాదిలో లోపం బయటపడితే అది కొన్నప్పుడే ఉందని చట్టం అనుకుంటుంది. కాదు, వాడకంలో పాడైంది అని చెప్పాలనుకుంటే దాన్ని రుజువు చేయాల్సింది అమ్మినవాడు. కొన్న మనిషి కాదు.

ఆ ఒక్క వాక్యం మన ఆపా జీవితంలో పెట్టి చూడండి. ఇరవై రోజులకే మోటారు కాలింది. "మీరే కాల్చారు" అంటున్నావు కదా, నిరూపించు బాబూ! మెకానిక్‌ని నువ్వు పిలువు, మోటారు నువ్వు విప్పు, ఖర్చు నువ్వు పెట్టుకో. ఇక్కడేమో ఆవిడే వేరే మెకానిక్‌కి డబ్బిచ్చి తన నిర్దోషిత్వం కొనుక్కోవాల్సి వచ్చింది. మన చట్టంలో కూడా వస్తువును ప్రయోగశాలకి పంపించి పరీక్ష చేయించే ఏర్పాటు ఉంది, మంచిదే. కానీ ఆ పరీక్ష ఫీజు ముందు కట్టమని ఫిర్యాదు చేసిన మనిషినే అడగొచ్చు. మోసపోయిన మనిషే మోసానికి పరీక్ష ఫీజు కూడా కట్టాలన్నమాట.

జర్మనీలో జరిగిన ఒక కేసు చెబుతాను, వంటింటి కేసే. ఒక గృహిణి 2002లో క్వెల్లె అనే సంస్థ నుంచి పొయ్యి తెప్పించుకుంది. 2004 మొదట్లో చూస్తే అది సరిగ్గా లేదని తేలింది. బాగుచేయడం కుదరక కంపెనీ కొత్తది ఇచ్చింది. ఇచ్చి, ఇన్నాళ్లు పాతది వాడుకున్నావు కదా, ఆ వాడకానికి 70 యూరోల దాకా కట్టమంది! అక్కడి వినియోగదారుల సంఘం ఆవిడ తరఫున కోర్టుకెళ్లింది. 2008 ఏప్రిల్‌లో యూరప్ న్యాయస్థానం తేల్చి చెప్పింది, అలా వసూలు చేయడానికి వీల్లేదని. ఉచితంగా అంటే ఉచితంగానే. 2011లో ఇంకో తీర్పు వచ్చింది. అందులో ఒకరు వేయించుకున్న టైల్స్‌లో లోపం, ఇంకొకరు బిగించుకున్న గిన్నెలు కడిగే మిషన్‌లో లోపం. కొత్తది ఇస్తే సరిపోదు, పాతది ఊడదీసి కొత్తది బిగించే ఖర్చు కూడా అమ్మినవాడే పెట్టుకోవాలి అన్నారు. మన ఇళ్లలో టైల్స్ పగిలితే మేస్త్రీ కూలీ ఎవరు కడతారో మీకు నేను చెప్పక్కర్లేదు.

ఇదంతా తెల్లదొరల దేశాల్లో చెల్లుతుంది, ఇక్కడ కుదరదు అంటారా? ఇక్కడే, చార్మినార్ నీడలోనే, కుదిరింది. బంగారం విషయంలో.

గుల్జార్ హౌజ్ చుట్టుపక్కల నగల దుకాణాలు మనకి కొత్తా? మా అమ్మమ్మ కాలంలో బంగారం కొనాలంటే నమ్మకమైన కంసాలి, గీటురాయి, ఆయన మాట. అమ్మబోతే అప్పుడు తెలిసేది ఎంత రాగి కలిసిందో. అప్పుడూ "చూసుకుని కొనుక్కోవాల్సింది" అనే అనేవాళ్లు. 2021 జూన్ 16 నుంచి 256 జిల్లాల్లో హాల్‌మార్క్ తప్పనిసరి చేశారు. 2023 ఏప్రిల్ 1 నుంచి, హాల్‌మార్క్ తప్పనిసరైన నగల మీద ఆరు అక్షరాలూ అంకెలూ కలిసిన గుర్తింపు సంఖ్య ఉంటేనే అమ్మాలన్నారు. బీఐఎస్ కేర్ అనే యాప్‌లో ఆ సంఖ్య కొడితే ఎవరు ఎక్కడ పరీక్షించారో, ఎంత స్వచ్ఛతో ఫోన్‌లో వస్తుంది. ముద్రలో చెప్పినదానికంటే స్వచ్ఛత తగ్గితే, ఆ తగ్గినదాని విలువకి రెండింతలు పరిహారంగానూ, పరీక్ష ఖర్చూ ఇవ్వాలి. గీటురాయి మన చేతిలోంచి తీసి అమ్మేవాడి చేతికిచ్చారు. నగల వ్యాపారం ఏమైనా మూతబడిందా? ధన్‌తేరస్ నాడు వెళ్లి చూడండి, కాలు పెట్టే సందు ఉండదు.

మరి ఆ నాలుగడుగుల దూరంలో పత్తర్‌గట్టిలో ముత్యాలు? మన ఊరికి ముత్యాల నగరమని పేరు. సముద్రం లేని ఊరు, ముత్యాలు బయటినుంచే రావాలి, ఇక్కడ రంధ్రాలు వేసి, ఎంచి, దండ కడతారు. అది మంచినీటి సాగు ముత్యమో, సముద్రపుదో, అసలు ముత్యమేనో, గాజుపూసకి వేసిన పూతో చెప్పే తప్పనిసరి ముద్ర ఏదీ లేదు. పంటితో గీకి చూడు, నిప్పు దగ్గర పెట్టి చూడు అని సలహాలు మాత్రం బోలెడు. లక్క గాజులకి 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, సంతోషం, అది ఆ పేరునీ ఆ పనివాళ్లనీ కాపాడుతుంది. మోసపోయి కొన్న మనిషి డబ్బు వెనక్కి రావాలంటే మళ్లీ వినియోగదారుల చట్టం దగ్గరికే రావాలి.

ఇక అభ్యంతరాల సంగతి.

మొదటిది: "బేరమాడి కొన్నారు కదమ్మా, ఆ ధరకి ఇంతే వస్తుంది." ఇది విని మనం తలదించుకుంటాం, ఏదో దొంగతనం చేసినట్టు. బేరం ఆడింది ధర మీద. వస్తువు పనిచేయక్కర్లేదని మనం ఎప్పుడు ఒప్పుకున్నాం? 1,200 చెప్పి 800కి ఇచ్చాడంటే 800 ఆ వస్తువు ధర. ఆ ధరకి నష్టం వస్తే ఇవ్వడు కదా! లోపం ఉండి తగ్గించాడనుకోండి, ఆ మాట అప్పుడే నోటితో చెప్పాలి, బిల్లు మీద రాయాలి. జుమ్మేరాత్ బజార్‌లో పాత టేబుల్ ఫ్యాన్ కొంటే కొత్తదానిలా తిరగాలని ఎవరూ అడగరు. అక్కడ అది పాతదని అమ్మేవాడికీ తెలుసు, మనకీ తెలుసు. పాతదాన్ని కొత్తదని చెప్పి అమ్మడం దగ్గరే గొడవ.

రెండోది: "చిన్న దుకాణాల వాళ్లు బతకొద్దా?" ఈ మాటకి నేను జవాబు చెప్పాలి, ఎందుకంటే పాతబస్తీలో సగం ఇళ్లు చిన్న దుకాణాల మీదే బతుకుతున్నాయి, మా బంధువుల్లోనూ ఉన్నారు. వాళ్ల మీద నాకు కోపం లేదు. లోపం వాళ్లు పుట్టించింది కాకపోవచ్చు. యూరప్ చట్టంలో దానికీ దారి ఉంది. వినియోగదారుకి డబ్బిచ్చిన దుకాణదారు, లోపానికి కారణమైన టోకు వ్యాపారి మీదో కంపెనీ మీదో పడి తన డబ్బు రాబట్టుకోవచ్చు. నష్టం పుట్టిన చోటికే తిరిగి వెళ్లాలి. ఇప్పుడు మన దగ్గర జరిగేది ఏమిటి? కంపెనీ టోకువాడి మీదకి, టోకువాడు దుకాణం మీదకి, దుకాణం మన మీదకి. మన తర్వాత ఇంకెవరూ లేరు కాబట్టి నష్టం మన వంటింట్లో ఆగిపోతుంది. చిన్న దుకాణదారు బతకాలని మనసుంటే, అతనికి పైవాడిని అడిగే బలం ఇవ్వండి. ఇల్లాలి చిట్టీ డబ్బుతో అతన్ని బతికించకండి.

మూడోది: "ఆడవాళ్లు చీర ఫంక్షన్‌కి కట్టుకుని మర్నాడు తెచ్చి ఇస్తారు." అలాంటివాళ్లు ఉంటారు, ఎందుకుండరు? కట్టుకుని మడతపెట్టిన చీర లోపమున్న చీర అవ్వదు, దానికి చట్టంలో చోటు లేదు. పదిమందిలో ఒకరు చేస్తారని తొమ్మిదిమందిని దొంగల్లా చూడటం ఏ న్యాయం? దుకాణదారుల్లో ఒకడు మోసం చేస్తాడని మనం బజారుకి వెళ్లడం మానేశామా?

ఇప్పుడు మన ఇంటి మాట. ఈ విషయంలో దుకాణదారు కంటే మనమే వాడికి ఎక్కువ సాయం చేస్తున్నాం. "గడుసుది, దాన్ని ఎవరూ మోసం చేయలేరు" అని ఒక కోడల్ని మెచ్చుకుంటాం. "పిచ్చిమాలోకం, ఏదిస్తే అది పట్టుకొస్తుంది" అని ఇంకో కోడల్ని దెప్పుతాం. ఈ రెండు మాటల మధ్య అమ్మినవాడు హాయిగా ఇంటికెళ్లిపోతాడు. నిజాయితీగా అమ్మడం అతని బాధ్యత అన్న సంగతి మాయమై, మోసపోకపోవడం మన తెలివితేట అయిపోతుంది. అత్తగార్లకీ, వదినలకీ, నాలాంటి పెద్దవాళ్లకీ నా మనవి: రేపు ఇంట్లోకి పాడైన వస్తువు వస్తే మొదటి ప్రశ్న కోడలిని అడగకండి. బిల్లు తీసుకుని దుకాణానికి వెళ్లి, ఆ ప్రశ్న అక్కడ అడగండి. అమ్మాయి వెంట మీరూ వెళ్లండి.

ఆపా సంగతి ఏమైందంటారా? మేమిద్దరం కలిసి ఒక కాగితం రాశాం. ఏ తారీఖున కొన్నది, ఎంతకి కొన్నది, ఏం చెప్పి అమ్మారు, మెకానిక్ ఏం చూశాడు, 30 రోజుల మాట. బతుకుతెరువు కోసం సొంతంగా పనిచేసుకునే మనిషి ఆ పనికి కొన్న మిషన్ అయినా సరే, చట్టం దృష్టిలో ఆవిడ వినియోగదారే. అదీ రాశాం. దుకాణంలో పెద్దాయన చదివి, ఓ పావుగంట ఎవరికో ఫోన్ చేసి, మోటారు మార్చి ఇచ్చాడు. కొత్తదే. చేయిజారిన ఆర్డర్ల నష్టపరిహారం కూడా అడగొచ్చు, కమిషన్‌కి వెళ్దామన్నాను. ఆపా వద్దంది. ఆ దుకాణదారు వాళ్లాయనకి తెలిసిన మనిషట, మొహమాటం. ఆ రంజాన్ ఆదాయం అలాగే పోయింది. అందుకే నాకు ఇది గెలుపు కథలా చెప్పాలనిపించదు. ఒక్క కాగితానికి దిగివచ్చే మనిషి, కాగితం లేకపోతే ఎంతమంది ఆపాలని వెనక్కి పంపి ఉంటాడో అనిపిస్తుంది.

అందుకే కొన్ని పనికొచ్చే మాటలు రాసి పెడుతున్నాను. బిల్లు లేకుండా కొనకండి, జీఎస్టీ తగ్గుతుందంటే ఆశపడకండి. దుకాణదారు నోటితో చెప్పిన గొప్పలు బిల్లు మీద రాయమనండి: "చేనేత", "అసలు లక్క", "కొత్త మోటారు". నిజమైతే రాయడానికి చేయి వణకదు. లోపం కనబడగానే ఫొటో తీసి, ఫోన్‌లో మాట్లాడి ఊరుకోకుండా, రాతపూర్వకంగా చెప్పండి. వినకపోతే 1915కి ఫోన్ చేయొచ్చు, అది జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం. అక్కడా తేలకపోతే జిల్లా కమిషన్, మనకైతే నాంపల్లిలో. మీరు ఎక్కడ కొన్నా, మీరు ఉండే జిల్లాలోనే ఫిర్యాదు చేయొచ్చు. ఆన్‌లైన్‌లో కూడా వేయొచ్చు. వస్తువు ధర 5 లక్షల లోపయితే ఫీజు లేదు. లాయరు తప్పనిసరి కాదు. రెండేళ్లలోపు వేయాలి. మూడు నెలల్లో తేల్చడానికి ప్రయత్నించాలని, పరీక్షలు అవసరమైతే ఐదు నెలల్లో అని చట్టంలో ఉంది. ఆచరణలో ఎక్కువే పడుతుంది, ఆ ఓపికతోనే వెళ్లాలి.

ప్రభుత్వాన్ని అడగాల్సింది కూడా ఉంది. బిల్లుల మీద ఆ వాక్యం కనబడితే ఎవరో ఒకరు కమిషన్‌కి వెళ్లేదాకా ఆగకుండా జరిమానా వేయాలి. మొదటి ఏడాదిలో బయటపడిన లోపం అమ్మేనాటికే ఉన్నట్టు లెక్కగట్టే మాట మన చట్టంలోకి రావాలి. "నేను పాడుచేయలేదు" అని మనం రుజువు చేసుకునే రోజులు పోయి, "నేను మంచిదే ఇచ్చాను" అని అమ్మినవాడు రుజువు చేసుకునే రోజులు రావాలి. బంగారానికి చేసినది కుక్కరుకీ కుట్టు మిషన్‌కీ ఎందుకు చేయరు? బంగారం ఏడాదికోసారి కొంటామేమో, కుక్కరు రోజూ పొయ్యి మీద పెడతాం.

ఎలాగూ బోనాలు వస్తాయి, రంజాన్ వస్తుంది, పెళ్లిళ్లు వస్తాయి. లాల్‌దర్వాజా నుంచి మదీనా దాకా మనమే నిండిపోతాం, ఈ బజారంతా నడిచేది మన పర్సుల మీదే. ఈసారి బిల్లు చేతికి రాగానే మడిచి పర్సులో పెట్టేయకండి. గల్లా పెట్టె ముందే విప్పి, చివరి వాక్యం మీద వేలు పెట్టి, "ఇది కొట్టేసి ఇవ్వండి" అనండి. మొదటివాళ్లని చూసి నవ్వుతారు. పదోవాళ్ల దగ్గరికి వచ్చేసరికి పెన్ను తీస్తారు.